భద్రమ్మ నీళ్లు పోసిన కొరియా బిడ్డ

సోమందేపల్లె నుంచి ఆటోలో పావుగంట పోతే గుట్టకిందపల్లె వస్తుంది. నూటపది ఇళ్ల ఊరు. చుట్టూ శెనక్కాయ చేలు, వాటి వెనక బండలు తేలిన గుట్టలు. ఆ ఊళ్లో నలభై ఏళ్ల లోపు మనిషిని ఎవరినైనా పట్టుకుని, పుట్టినప్పుడు నీకు నీళ్లు పోసింది ఎవరని అడిగితే అందరూ ఒకటే పేరు చెబుతారు. భద్రమ్మ.

భద్రమ్మ మంత్రసాని కాదు. ఆ పని ఆమె అత్త చేసేది, ఆమెతోనే పోయింది. కాన్పులు ఆస్పత్రులకు మారిపోయాక కూడా ఇంట్లో మిగిలిన పని ఒకటుంది. బాలింతకూ, బిడ్డకూ నీళ్లు పోయడం. కాళ్లు చాపుకుని నేల మీద కూర్చుని, బిడ్డను మోకాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె రాసి, ఒళ్లంతా మెత్తగా పామి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్లు పోసి, గుడ్డలో చుట్టి తల్లి పక్కన పెడితే ఆ బిడ్డ మూడు గంటలు కదలకుండా నిద్రపోవాలి. నిద్రపోకపోతే ఆ రోజు తన పని సరిగ్గా సాగలేదని భద్రమ్మకు మనసులో గుచ్చుకునేది. వాన ముఖం చాటేసే నేల కాబట్టి నీళ్లు కూడా చూసుకుని వాడాలి. బిడ్డకు రెండు చెంబులు, తల్లికి రెండు బిందెలు. ట్యాంకరు రాని ఏళ్లలో కూడా ఏ తల్లీ తనకు నీళ్లు చాలలేదని అనలేదు.

ఇరవై ఏళ్లకు ఆ పనిలో దిగింది, ఇప్పుడు యాభై తొమ్మిది. ఒకప్పుడు తెల్లారితే మూడు నాలుగు ఇళ్లు తిరిగేది. ఒక ఇంట్లో బిడ్డ ఏడుపు ఆగకముందే పక్కింటి నుంచి పిలుపు వచ్చేది. రానురాను ఆ పిలుపులు తగ్గాయి. ఏడాదికి పది, తర్వాత ఏడు, ఇప్పుడు నాలుగైదు. ఆమె కొడుకులిద్దరికీ ఒక్కొక్క బిడ్డే. ఇంకొకరిని కనండని అడిగితే ఇద్దరూ కూడబలుక్కున్నట్టు "చాల్లేమ్మా" అన్నారు. పని లేని పొద్దుల్లో భద్రమ్మ శెనక్కాయలు వలుస్తూ కూర్చునేది. భర్త తిప్పయ్య గొర్రెలు తోలుకుని గుట్టకు పోతూ, "నీ చేతులు తుప్పు పడతాండాయే" అని ఎగతాళి చేసేవాడు.

అలా ఉండగా 2024 నవంబరు చివర్లో ఒక పొద్దున హేమావతి వచ్చింది. హేమావతి భద్రమ్మ చెల్లెలి కూతురు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చి, దానితో పాటు కొరియా వాళ్లు వచ్చాక, ఆ పిల్ల పట్టుబట్టి కొరియా భాష నేర్చుకుంది. ఫ్యాక్టరీ వాళ్ల కుటుంబాలకు ఆస్పత్రిలో, అంగట్లో మాటలు అటూ ఇటూ చేరవేయడం ఆమె ఉద్యోగం.

"పెద్దమ్మా, ఒక బిడ్డకు నీళ్లు పోయల్ల. వస్తావా?"

"రానని ఎప్పుడన్నా అన్న్యానా? ఎవురి బిడ్డ?"

"కొరియావాళ్ల బిడ్డ. ఆడబిడ్డ. బెంగళూరులో కాన్పయ్యింది, ఇంటికి తెచ్చినారు."

గొర్రెలను లెక్కపెడుతున్న తిప్పయ్య ఆగిపోయాడు. "వాళ్ల బిడ్డకు మన నీళ్లు పడతాయా?"

"గొర్రెపిల్లకు పడేవి మనిషిపిల్లకు పడవా? నువ్వు పో" అని భద్రమ్మ అప్పటికే చీర మార్చుకోవడానికి లోపలికి పోయింది.

ఆ తల్లి పేరు సోయంగ్. ముప్పై తొమ్మిదేళ్లు. భర్త మిన్‌హో ఫ్యాక్టరీలో ఇంజనీరు. పెళ్లయి పదకొండేళ్లకు పుట్టిన బిడ్డ. వాళ్ల దేశంలో కాన్పయిన తల్లులు నేరుగా ఇంటికి పోరట. బాలింతల కోసమే కట్టిన విడిదుల్లో రెండు వారాలు ఉంటారట. ఇక్కడ అలాంటిది లేదు. సోయంగ్ తల్లి చనిపోయి చాలా కాలమైంది. అత్త ఉంది కానీ రాలేదు.

"అత్త ఎందుకు రాల్యా?" అని భద్రమ్మ ఆటోలో అడిగింది.

"ఆమెకు ఇస్కూలు ఉండాదంట. జనవరిలో సెలవులిస్తేనే వస్తాదంట."

"టీచరమ్మా?"

"డెబ్బై దాటిందంటారు మల్ల. ఏమో, అడగల్యా."

హైవే పక్కన మూడో అంతస్తు ఇల్లు. తలుపు తీసిన మిన్‌హో కళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆరు రోజులుగా వాళ్లిద్దరూ వంతులవారీగా కూడా నిద్రపోలేదు. లోపల బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. సోయంగ్ ఫోను చూపించి ఏదో చెప్పింది. బిడ్డ స్నానం గురించి అందులో ఇరవై ఒక్క సూచనలు ఉన్నాయని హేమావతి చెప్పింది. స్నానాల గదిలో ప్లాస్టిక్ తొట్టి, అందులో పసుపుపచ్చ బాతుబొమ్మ తేలుతోంది. ఆ బాతు కడుపులో నీళ్ల వేడి చూపించే అంకెలున్నాయి.

భద్రమ్మ తొట్టిని పక్కకు జరిపి, కొంగు దోపుకుని నేల మీద కాళ్లు చాపి కూర్చుంది. బకెట్‌లో వేడినీళ్లు, చన్నీళ్లు కలిపి మోచేయి ముంచి చూసింది. ఇంకో చెంబు చన్నీళ్లు పోసి మళ్లీ చూసింది. "సరిపోయింది" అంది. మిన్‌హో నమ్మలేక బాతును బకెట్‌లో వేశాడు. అంకె చూసి భార్యకు చూపించాడు. సూచనల్లో రాసిన వేడి ఎంతో అంతే ఉంది. ఇద్దరూ భద్రమ్మ మోచేతి వంక చూశారు.

ముక్కులో, చెవుల్లో నూనె వేయొద్దని ఆస్పత్రిలో చెప్పారని హేమావతి అంది. "మా నర్సమ్మ పదేండ్ల కిందటే చెప్పింది, నేనెప్పుడో మానేసినా" అని భద్రమ్మ బిడ్డను చేతుల్లోకి తీసుకుంది. వీపు మీద రెండు వేళ్లతో పామగానే ఏడుపు సన్నగిల్లింది. రెండో చెంబు పోసేసరికి బిడ్డ కళ్లు వాల్చి, నోరు తెరిచి, ఒక పెద్ద ఆవులింత తీసింది. మంచం మీద పడుకోబెట్టిన అయిదు నిమిషాలకు గాఢ నిద్ర. సోయంగ్ భయపడి బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూసింది. భద్రమ్మ నవ్వింది. గుట్టకిందపల్లెలో కూడా ప్రతి తల్లీ మొదటిరోజు అదే పని చేసింది.

"బిడ్డ పేరేం పెట్టినారు?"

"హారం" అన్నాడు మిన్‌హో.

"హారమా? మన మాటే! మెళ్లో ఏసుకునేదే గదా!"

వాళ్ల భాషలో ఆకాశం ఇచ్చిన బిడ్డ అని అర్థమట. హేమావతి రెండు అర్థాలూ అటూ ఇటూ చెప్పింది. మిన్‌హో తన భార్య మెడను, బిడ్డను మార్చి మార్చి చూసి మొదటిసారి నవ్వాడు.

"ఇప్పుడు తల్లికి పోయల్ల" అంది భద్రమ్మ. కొత్త మనిషి, పైగా పరాయి దేశం, సిగ్గుపడుతుందేమోనని గదిలో దుప్పటి అడ్డం కట్టే ఏర్పాటు కూడా ఆలోచించుకుంది. కానీ సోయంగ్ ఆ మాట వినగానే చకచకా స్నానాల గదిలోకి నడిచి, బట్టలు తీసి, పీట మీద కూర్చుని వీపు చూపించింది. సిగ్గుపడటం భద్రమ్మ వంతయింది. వాళ్ల ఊళ్లో ఊరందరికీ కలిపి స్నానశాల ఉంటుందట. అక్కడ ఒళ్లు రుద్దడమే పనిగా పెట్టుకున్న ఆడవాళ్లు ఉంటారట. చిన్నప్పుడు తల్లితో ప్రతి ఆదివారం పోయేదట. నడుము మీద వేడినీళ్లు ధారగా పడుతుంటే సోయంగ్ కళ్లలోంచి కూడా నీళ్లు కారాయి. ఇంకో బిందె కాచమని భద్రమ్మ మిన్‌హోకు సైగ చేసింది. ఆ రోజు తల్లీ బిడ్డా ఒకే గదిలో సాయంత్రం దాకా నిద్రపోయారు. మిన్‌హో సోఫాలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు.

పది రోజులకు భద్రమ్మ ఆ ఇంట్లో మనిషయింది. ఆమె మనసులో మాట దాచుకునే రకం కాదు. ఒక పొద్దున బిడ్డకు కాళ్లు సాగదీస్తూ హేమావతితో అంది.

"పదకొండేండ్లు ఎందుకు కనల్యో అడుగు."

"పెద్దమ్మా, అట్ల అడగకూడదు."

"ఆమెకు తెలుగు రాదు గదా. నువ్వు మెత్తగా మార్చి అడుగు."

హేమావతి మెత్తగానే అడిగింది. సోయంగ్ మాత్రం నేరుగా జవాబిచ్చింది. వాళ్ల నగరంలో ఇద్దరూ పొద్దున పోతే రాత్రి పదికి ఇల్లు చేరేవాళ్లట. బిడ్డను కంటే ఉద్యోగం పోతుందని భయం. ఇల్లు చిన్నది. చదువుల పోటీ చూస్తే ఇంకా భయం. ఆమె స్నేహితురాళ్లు ఎనిమిది మందిలో బిడ్డలున్నది ఇద్దరికే. అలాగని ఎవరికీ బిడ్డలంటే అయిష్టం లేదట. ఈ ఊరికి వచ్చాక మిన్‌హో సాయంత్రం ఆరుకల్లా ఇంటికి రావడం మొదలైంది. ఒకరోజు ఇద్దరూ మేడ మీద కూర్చుని గుట్టల మీద పొద్దు గూకడం చూస్తుంటే, మనకూ ఒక బిడ్డ ఉంటే ఎంత బాగుంటుందో అనిపించిందట.

"వాళ్ల సర్కారు ఊరికే ఉండాదా?" అంది భద్రమ్మ.

ఊరికే ఏమీ లేదు. బిడ్డ పుడితే డబ్బులిస్తుంది, నెలనెలా ఇస్తుంది, కొత్త దంపతులకు ఇళ్లు ఇస్తుంది, బాలింత ఇంటికి సాయానికి మనిషిని పంపుతుంది. తండ్రికి కూడా సెలవు ఉంది. మిన్‌హో ఇప్పుడు మూడు నెలల పాటు ఆ సెలవు పెట్టే ఇంట్లో ఉన్నాడు. కానీ ఆ సెలవు అడగడానికి మగవాళ్లు జంకుతారట. అతని ఆఫీసులో ఆ సెలవు తీసుకున్న మొదటి మనిషి అతనే.

ఆ సాయంత్రం ఇదంతా విని తిప్పయ్య నోరు తెరిచాడు. "బిడ్డను కంటే సర్కారే దుడ్లు ఇస్తాదా? మనకు రెండోవాడు పుట్టినాక ఆపరేషన్ చేయించుకోమని జీపేసుకోని ఇంటిముందరికి వచ్చినారు గదే! నేను గొర్రెల్లో దాంకున్యా!"

"నువ్వు దాంకున్యావు, నన్ను ఎక్కిచ్చుకోనిపోయినారు" అంది భద్రమ్మ.

"ఇప్పుడు మన సర్కారు పెద్దోళ్లు గూడా ఎక్కువ మందిని కనమంటాండారంట. టీవీలో చెప్పినారు. ఇద్దరికంటే ఎక్కువుంటే పంచాయతీ ఎలచ్చన్లలో నిలబడగూడదనే రూలు గూడా తీసేసినారంట."

"అయితే నిలబడు పో" అంది భద్రమ్మ. ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకున్నారు.

మిన్‌హో ఆ సెలవును ఊరికే పోనివ్వలేదు. ఒకరోజు తువ్వాలు భుజాన వేసుకుని భద్రమ్మ పక్కన నేల మీద కాళ్లు చాపి కూర్చున్నాడు. తనకు నేర్పమన్నాడు. నలభై ఏళ్లలో ఏ తండ్రీ ఆమెను ఆ మాట అడగలేదు. మొదట్లో బిడ్డ జారుతుందని ఒళ్లంతా బిగబట్టేవాడు. "బిగుసుకోవద్దు, బిడ్డకు తెలిసిపోతాది" అని భద్రమ్మ అతని భుజం మీద కొట్టేది. వారం తిరిగేసరికి చెంబు వంచడం పట్టుబడింది. నీళ్లు పోస్తూ కొరియా పాట కూడా పాడేవాడు. గొంతు మాత్రం బాగా లేదని భద్రమ్మ చెబితే హేమావతి దాన్ని అనువదించలేదు.

జనవరి మొదట్లో సెలవులిచ్చారు. సోయంగ్ అత్త ఒక్‌సున్ వచ్చింది. డెబ్బై ఒక్కేళ్లు, పొట్టి మనిషి, ఉంగరాల జుట్టు, గట్టి గొంతు. ఆమె పెట్టె తెరిస్తే సగం ఎండబెట్టిన సముద్రపు నాచే. బాలింత ఆ నాచు పులుసు తాగాలని వాళ్ల ఆచారం. భద్రమ్మ ఒక చెంచా రుచి చూసి, "చెరువులో పాచి వాసన వస్తాండాది" అంది. ఒక్‌సున్ భద్రమ్మ తెచ్చిన వెల్లుల్లి కారం నాలుక మీద పెట్టుకుని, ఇంకా కావాలని చేయి చాపింది. కాబట్టి తిండి దగ్గర పేచీ లేదు. పేచీ బిడ్డ దగ్గర వచ్చింది. నీళ్లు పోశాక హారాన్ని వెల్లకిలా పడుకోబెట్టాలని ఒకరు, పక్కకు తిప్పాలని ఒకరు. కిటికీ తెరవాలని ఒకరు, మూయాలని ఒకరు. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా ఇద్దరూ గట్టిగానే వాదించుకునేవాళ్లు. సోయంగ్ మధ్యలో కూర్చుని నవ్వేది.

ఒకరోజు పేచీ ముదిరింది. సోయంగ్ జుట్టు ఆరడానికి భద్రమ్మ నిప్పుల మీద సాంబ్రాణి వేసింది. పొగ లేచి పైకప్పుకు తగలగానే అక్కడున్న పొగ పసిగట్టే యంత్రం కుయ్యోమంది. మూడంతస్తుల జనమూ మెట్ల మీద పడ్డారు. కాపలా అతను ఇసుక బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. ఒక్‌సున్ మనవరాలిని దుప్పట్లో చుట్టుకుని అందరికంటే ముందు కిందికి దిగింది. నిప్పులగిన్నె పట్టుకుని చిట్టచివర దిగిన భద్రమ్మను చూసి మొదట కోప్పడింది, తర్వాత ఎందుకో పకపక నవ్వింది. ఆ నవ్వు భద్రమ్మకూ అంటుకుంది. ఆ రోజు నుంచి సాంబ్రాణి బంద్, పేచీ కూడా బంద్.

మర్నాడు బిడ్డ నిద్రపోయాక ఒక్‌సున్ బాల్కనీలో చిన్న బల్ల వేసుకుని కూర్చుంది. పెట్టెలోంచి పసుపుపచ్చ బడిసంచి తీసింది. దాంట్లోంచి నోటుపుస్తకం, రంగు పెన్సిళ్లు తీసి, నాలుక బయటపెట్టి శ్రద్ధగా ఏదో గీయసాగింది.

"పిల్లకాయల పేపర్లు దిద్దుతాండాదా?" అని భద్రమ్మ హేమావతిని అడిగింది.

హేమావతి అడిగి తెలుసుకుని వచ్చి, నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. "పెద్దమ్మా, ఈమె టీచరు కాదు. ఈమే పిల్లకాయ! రెండో తరగతి. ఇది సెలవుల హోంవర్కు!"

ఒక్‌సున్ పుస్తకం పక్కన పెట్టి, అంతా తీరిగ్గా చెప్పింది. ఆమెది సముద్రం పక్కన వరిపొలాల ఊరు. ఆ ఊళ్లో పదిహేడేళ్లుగా బిడ్డ పుట్టలేదు. బడిలో ఒకటో తరగతికి చేరే పిల్లలు లేకపోతే బడి మూతపడుతుంది. మూతపడితే చుట్టుపక్కల ఊళ్లలో ఉన్న కాస్త మంది పిల్లల కుటుంబాలూ వెళ్లిపోతాయి. చిన్నప్పుడు ఆడపిల్లవని ఆమెను ఎవరూ బడికి పంపలేదు. బడి పెద్దాయన అలాంటి ముసలమ్మల ఇళ్లకు వచ్చి, వచ్చి చేరండమ్మా అని బతిమాలాడట. ఆమె తరగతిలో ముగ్గురు. ఆమె, ఆమె స్నేహితురాలు ఇంకో అవ్వ, పక్కూరి నుంచి వచ్చే ఏడేళ్ల పాప ఒకతె. పొద్దున్నే పసుపుపచ్చ బడిబస్సు ఇంటిముందుకే వస్తుంది. హారం పుట్టిందని తెలిసి ఊరివాళ్లు రోడ్డు మీద పెద్ద బ్యానరు కట్టారట. బిడ్డ పుట్టింది ఇండియాలో, అయినా సరే. ఫోనులో ఆ ఫొటో చూపించింది. బ్యానరు కింద ముప్పై మంది ముసలివాళ్లు, నడుములు వంగి, చేతులు పైకెత్తి నవ్వుతున్నారు.

భద్రమ్మ ఆ ఫొటోను చాలాసేపు చూసింది. తర్వాత నోటుపుస్తకం వంక చూసింది. రోజుకో బొమ్మ వేసి, కింద నాలుగు మాటలు రాయడం హోంవర్కు. ఆ రోజు బొమ్మలో కాళ్లు చాపుకుని కూర్చున్న ఒక లావుపాటి ఆడమనిషి, ఆమె కాళ్ల మీద గుండ్రటి బిడ్డ, పక్కన పొగ.

"ఇది నేనా? నేనింత లావా?"

ఒక్‌సున్ బొమ్మ కింద నాలుగు గుర్తులు రాసి, వేలుతో ఒక్కొక్కటీ చూపిస్తూ చదివింది. "బా, దు, రామ్, మా."

భద్రమ్మ చేయి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెకు చదువు రాదు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వేలిముద్రే. తన పేరు కాగితం మీద ఉండటం చాలాసార్లు చూసింది కానీ, ఇదిగో ఇది నువ్వు అని ఎవరూ వేలు పెట్టి చూపించలేదు. ఒక్‌సున్ పెన్సిల్ ఆమె చేతిలో పెట్టింది. మొదటి అక్షరం సగం నీళ్లున్న బిందెలా ఉంది, పక్కన ఒక కట్టె, కట్టెకు మేకు. చివరి అక్షరంలో నాలుగు గోడల గది. "ఇంతేనా?" అంది భద్రమ్మ. మూడు రోజుల్లో చూడకుండా రాసేసింది. నీళ్లు పోసే చేయి, వణకలేదు.

ఇంట్లో కాగితాలు లేవు. అందుకని పొద్దున్నే వాకిలి ఊడ్చి, చుక్కలు పెట్టడానికి బదులు ముగ్గుపిండితో ఆ నాలుగు అక్షరాలు వేయడం మొదలుపెట్టింది. పక్కింటి సుంకమ్మ అది కొత్త ముగ్గనుకుని తన వాకిట్లో కూడా వేసుకుంది. చూసి ఇంకొకరు వేశారు. వారం తర్వాత ఊరికొచ్చిన హేమావతి ఆటో దిగి, అయిదిళ్ల ముందు వరసగా 'భద్రమ్మ' అని కొరియా భాషలో రాసి ఉండటం చూసి రోడ్డు మీదే కూలబడి నవ్వింది.

ఫిబ్రవరి ఇరవై ఏడుకు హారం పుట్టి నూరు రోజులు. కొరియా వాళ్లకు అది పెద్ద పండగ. ఆ రోజు బియ్యప్పిండి తీపి కుడుములు చేసి నూరిళ్లకు పంచితే బిడ్డ నిండు ఆయుష్షుతో ఉంటుందని వాళ్ల నమ్మకం. ఇప్పుడు వాళ్ల దేశంలో నగరాల్లో ఎవరూ నూరిళ్లు పంచరు. పక్కింటి వాళ్ల పేరే తెలియదు. ఈ మూడంతస్తుల్లో కలిపితే పన్నెండు ఇళ్లు. సోయంగ్ ఆ పన్నెండుతోనే సరిపెట్టుకుందామంది.

"నూరిండ్లు లేవా? మా ఊర్లో నూటపది ఉండాయి" అంది భద్రమ్మ. "పది ఎక్కువైతే బిడ్డకు ఇంకో పదేండ్లు ఆయుష్షు. ఏం, వద్దా?"

ముందురోజు మధ్యాహ్నానికే భద్రమ్మ ఇంటి వాకిట్లో ఊరి ఆడవాళ్లంతా చేరారు. బియ్యం నానబోసి దంచారు. కొరియా ఎర్ర చిక్కుడుగింజలు దొరక్కపోతే అలసందలు ఉడకబెట్టి బెల్లంతో మెదిపారు. ఒక్‌సున్ ఒకటి నోట్లో వేసుకుని కళ్లు మూసుకుంది. మా ఊరి దానికంటే ఇదే బాగుందని చెప్పింది. ఆ మాట వాళ్ల ఊళ్లో చెప్పొద్దని హేమావతిని బతిమాలింది. మిన్‌హో మోకాళ్ల పైకి ప్యాంటు మడిచి రోకలి పట్టుకున్నాడు. తిప్పయ్య చేతులు కట్టుకుని చూస్తుంటే, "ఏమప్పా, నీకు చేతుల్యావా?" అని సుంకమ్మ అరిచింది. ఆయన కూడా ఒక రోకలి అందుకోక తప్పలేదు.

మర్నాడు పొద్దున హారానికి ఊళ్లోనే నీళ్లు పోశారు, వేపచెట్టు నీడలో, అందరి ముందరా. సగం మిన్‌హో పోశాడు, సగం భద్రమ్మ. మగవాళ్లు మొదట గుసగుసలాడుకున్నారు. సోమందేపల్లెలో ఆటో నడిపే ఓబిలేష్ అనే కుర్ర తండ్రి ముందుకొచ్చి గొంతుక్కూర్చుని, "అన్నా, మెడకింద చెయ్యి ఎట్ల పెట్టినావు, ఇంకోసారి చూపీ" అన్నాడు. అతని భార్యకు నెలలు నిండుతున్నాయి. ఆ తర్వాత గుసగుసలు ఆగిపోయాయి.

పట్టుచీర కట్టిన సోయంగ్ బిడ్డను ఎత్తుకుని ముందు నడిచింది. వెనక గంపలతో ఆడవాళ్లు. ఇల్లిల్లూ తిరిగారు. ప్రతి ఇంటి దగ్గరా గిన్నె నిండా కుడుములిస్తే, గిన్నె ఖాళీగా తిరిగి రాకూడదు కదా, ఒకరు శెనక్కాయలు పోశారు, ఒకరు బెల్లం పెట్టారు, ఒకరు రాగులు, ఒక ముసలాయన రెండు కోడిగుడ్లు. కొరియాలో కూడా అంతేనట, గిన్నె ఖాళీగా ఇవ్వకూడదట. ఆ మాట విని ఊరివాళ్లు, "అయితే వీళ్లు మనోళ్లే" అన్నారు.

ఊళ్లో ఉన్న పిల్లలంతా ఈ ఊరేగింపు వెనక పడ్డారు. సగం దారిలో ఒక్‌సున్ వెనక్కి తిరిగి చూసి ఆగిపోయింది. వేలు చూపిస్తూ లెక్కపెట్టింది. ఇరవై ఆరుగురు. ఇంతమంది పిల్లలను ఒకే చోట ఆమె ఎన్నో ఏళ్లుగా చూడలేదట. గంప దించి, వాళ్ల మధ్యకు పోయి, రెండో తరగతిలో నేర్చుకున్న చప్పట్ల ఆట మొదలుపెట్టింది. వాళ్లకు భాష రాదు, ఆట మాత్రం రెండు నిమిషాల్లో వచ్చేసింది. డెబ్బై ఒక్కేళ్ల రెండో తరగతి పిల్ల దుమ్ములో గంతులేస్తుంటే ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది.

"ఒకప్పుడు దీనికి మూడింతలు ఉండ్రి" అంది భద్రమ్మ నెమ్మదిగా. ఒక్‌సున్‌కు ఆ మాట చెప్పాలా వద్దా అని హేమావతి సందేహించింది. చెప్పింది. ఒక్‌సున్ భద్రమ్మ చేయి గట్టిగా పట్టుకుని, జాగ్రత్త, మీ బడిని మూతపడనివ్వద్దు అంది.

వాళ్ల దేశంలో బడులు తెరిచేది మార్చిలో కాబట్టి, మార్చి మొదటి రోజున ఒక్‌సున్ మూడో తరగతికి వెళ్లిపోయింది. ఆమె బొమ్మల పుస్తకానికి బడిలో బహుమతి వచ్చిందట. కాళ్లు చాపుకున్న భద్రమ్మ బొమ్మను గోడకు అంటించారట. మిన్‌హో సెలవు ముగిసి పనిలో చేరాడు. అతన్ని చూసి ఆఫీసులో ఇంకో ఇద్దరు ఆ సెలవుకు రాసుకున్నారు. హారం బోర్లా పడింది, తర్వాత పాకింది, భద్రమ్మ గొంతు వినపడితే తలుపు దాకా వచ్చేది.

జూన్‌లో గుట్టకిందపల్లె బడికి కష్టం వచ్చింది. పిల్లలు తగ్గారు కాబట్టి బడిని పక్కూరి బడిలో కలిపేస్తారన్న మాట పుట్టింది. ఊరివాళ్లు అర్జీ రాసి పంచాయతీ దగ్గర సంతకాలు చేశారు. భద్రమ్మ వంతు వచ్చింది. గుమాస్తా అలవాటుగా సిరా డబ్బా ముందుకు తోశాడు. ఆమె దాన్ని పక్కకు జరిపి పెన్ను అడిగింది. నాలుగు అక్షరాలు గట్టిగా ఒత్తి రాసింది.

"ఇదేం గుర్తమ్మా?"

"గుర్తు కాదప్పా, నా పేరు."

"ఏ భాష?"

"కొరియా."

గుమాస్తా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. అక్కడే ఉన్న బడి టీచరు సువార్త పగలబడి నవ్వి, తర్వాత నవ్వు ఆపి అంది. "భద్రమ్మవ్వా, ఆ భాష వచ్చినప్పుడు మన భాష రాదా? నీళ్లు పోసే పనైపోయినాక బడికి రా. ఎనకబెంచీలో కూచో."

బడి విషయం పూర్తిగా వాళ్లు కోరినట్టు కాలేదు. మూడు నుంచి అయిదు దాకా తరగతులు పక్కూరికి పోయాయి. ఒకటీ, రెండూ మాత్రం ఊళ్లోనే నిలిచాయి. నిలిచిన ఆ గదిలోకి భద్రమ్మ పలక పట్టుకుని పోయింది. పుస్తకంలో పేరు లేదు, హాజరు పిలవరు, అయినా రోజూ పోయింది. రెండు వారాలకు సుంకమ్మ కూడా తోడు వచ్చింది. ఆదివారాలు హేమావతి ఫోనులో ఒక్‌సున్‌ను చూపించేది. ఆమె తన నోటుపుస్తకం ఎత్తి చూపేది, ఈమె తన పలక ఎత్తి చూపేది. ఇద్దరిలో ఎవరి రాత గుండ్రంగా ఉందో హేమావతి తీర్పు చెప్పాల్సి వచ్చేది. ఆ పిల్ల ఎప్పుడూ ఇద్దరిదీ బాగుందనేది, అది ఇద్దరికీ నచ్చేది కాదు.

ఒక సాయంత్రం తిప్పయ్య గొర్రెలు దొడ్లో తోలి వచ్చేసరికి భద్రమ్మ అరుగు మీద పలకతో కూర్చుని ఉంది. ఆయన కాసేపు గొంతు సవరించుకుంటూ నిలబడ్డాడు.

"నా పేరు గూడా రాయరాదా ఒకసారి."

"ఏ భాషలో?"

"మన భాషలోనే. నేను గుర్తుపట్టల్ల గదా."

భద్రమ్మ బలపం తీసుకుని ఆలోచించింది. "నీ పేర్లో ఒత్తులు ఉండాయి. అవి ఇంగా రాల్యా. నా పేర్లో ఉండే ఒత్తులే నేర్పింది సువార్తమ్మ. ఇప్పటికి తిపయ అని రాస్తా, చాలా?"

తిప్పయ్య ఆమె పక్కన కూర్చుని, మీసం మెలితిప్పుకుని, పలక వైపు మెడ సాచాడు.

"చాలు. రాయి."